బోరులో నీళ్లు తగ్గాయా? కెమికల్ పోసే ముందు ఇవి చూడండి

"బోరుకు కెమికల్ ఫ్రాకింగ్ చేయిద్దాం, నీళ్లు పెరుగుతాయి" అని ఎవరైనా అంటే వెంటనే అడ్వాన్స్ ఇవ్వకండి. ఫ్రాకింగ్ అంటే ఎక్కువ ఒత్తిడితో ద్రవం పంపి రాతిని పగలగొట్టడం. మన అనంతపురం గట్టి రాతి నేలలో బోరు తగ్గడానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి.

కాసేపు పోసి గాలి కొడుతోంది, చుట్టుపక్కల బోర్లూ అంతే

నీటిమట్టం పడిపోయింది. దీనికి ఏ కెమికలూ పనిచేయదు. మోటారు నడిపే గంటలు తగ్గించి, బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించండి.

ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తగ్గింది

పైపులు పైకి తీయించి చూడండి. తెల్లటి పెచ్చు కట్టి ఉంటే చిన్న ముక్క గీరి, దాని మీద బాత్రూమ్ యాసిడ్ చుక్క వేయండి. బుసబుస పొంగితే అది సున్నం. మోటారు బయటికి తీసి, తెలిసినవాళ్లతోనే యాసిడ్ శుభ్రం చేయించాలి.

తెల్లటి పెచ్చుకు బదులు ఎర్రటి జిగురు ఉంటే ఇనుము తినే బ్యాక్టీరియా చేరినట్టు. దీనికి బ్లీచింగ్ పౌడర్ కావాలి. ఆరున్నర అంగుళాల బోరులో 300 అడుగుల నీళ్లు నిలిచి ఉంటే అది సుమారు 1,950 లీటర్లు. 600 గ్రాముల పౌడర్ బకెట్లో కలిపి, తేరిన నీళ్లు బోరులో పోసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున వాసన పోయేదాకా తోడి పారబోయండి. ఆ నీళ్లు తాగకూడదు, చెట్లకూ పెట్టకూడదు.

యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలవనివ్వకండి. కలిస్తే పుట్టే క్లోరిన్ గ్యాస్ ప్రాణం తీస్తుంది.

వేసిన రోజు నుంచీ తక్కువే, పక్క పొలంలో మాత్రం బాగున్నాయి

రాతిలో పగుళ్లు సన్నగా ఉన్నాయి, లేదా ఒకదానితో ఒకటి కలవలేదు. హైడ్రోఫ్రాక్చరింగ్, అంటే ఉత్త నీళ్లతో చేసే ఫ్రాకింగ్, పనికొచ్చేది ఇక్కడే. కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) కింద గట్టి రాయి దగ్గర ప్యాకర్ (నీళ్లు పైకి రాకుండా బోరును మూసే రబ్బరు బిరడా) బిగించి, మంచినీళ్లను ఎక్కువ ఒత్తిడితో లోపలికి పంపుతారు. దీనికి శుభ్రమైన నీళ్లు చాలు.

మరి కెమికల్ మాట ఎక్కడిది? చమురు, గ్యాస్ బావుల నుంచి. అక్కడ కిలోమీటర్ల లోతులో రాతిని పగలగొట్టి, పగులు మూసుకుపోకుండా ఇసుక నింపాలి. ఇసుకను మోయడానికి నీళ్లు చిక్కబడాలి, అందుకు గోరుచిక్కుడు గింజల గమ్ కలుపుతారు. అవును, మన పొలాల్లో పండే గోరుచిక్కుడే! పని అయ్యాక ఆ జిగురును విరగ్గొట్టడానికి అమోనియం పర్‌సల్ఫేట్, బ్యాక్టీరియాను చంపడానికి గ్లూటరాల్డిహైడ్, పైపుల్లో రాపిడి తగ్గించడానికి పాలీఅక్రిలమైడ్ వాడతారు. ఇవన్నీ కలిపినా ఆ ద్రవంలో రెండు శాతం దాటడం అరుదు, మిగతాది నీళ్లూ ఇసుకే. అయినా సరే, ఊరంతా తాగే నీటి పొరలోకి వాటిని ఎవరైనా దింపుతామంటే ఒప్పుకోకండి.

ఫ్రాక్చరింగ్ చేశారు, ఫలితం లేదు

పని జరిగేటప్పుడు ప్రెషర్ గేజి ముందు నిలబడండి. ముల్లు పైకి లేచి ఒక్కసారిగా పడితే రాయి విచ్చుకున్నట్టు. ముల్లు అసలు లేవకుండా బోరు నోట్లోంచి నీళ్లు పైకొస్తే ప్యాకర్ సరిగా పట్టలేదు. దాన్ని కాస్త కిందికి దించి, పగుళ్లు లేని నున్నటి రాయి దగ్గర మళ్లీ బిగించమనండి.