విదేశంలో చదివే విశాఖ అమ్మాయితో టీనేజీ క్రైమ్ కథ రాయడం ఎలా?

విశాఖలో గాజువాక వెళ్లండి, సీతమ్మధార వెళ్లండి, చదువు కోసం దేశం దాటిన పిల్లలున్న ఇల్లు వీధికొకటైనా తగులుతుంది. ఆ పిల్లల మీద నేను చదివిన తెలుగు కథలు మాత్రం ఎక్కువగా ఇక్కడ మిగిలిపోయిన అమ్మానాన్నల వైపు నుంచి రాసినవే. పదహారేళ్ల పిల్ల తెలియని ఊళ్లో ఒక నేరం మధ్యలో ఇరుక్కుని, బుర్ర ఉపయోగించి బయటపడే కథ తెలుగులో ఉంటే మా పిల్లలు ఎగబడి చదువుతారు. అందుకే ఇది రాస్తున్నాను. మీరూ ఒకటి రాయండి.

1. శవాన్ని కాదు, అబద్ధాన్ని వెతకండి

క్రైమ్ కథ అనగానే మొదటి పేజీలో హత్య పెట్టాలనిపిస్తుంది. టీనేజీ కథకి అంతకంటే గట్టి మొదలు ఒకటుంది. రోజూ ఫోన్‌లో వినపడే మాటే అది: "బాగానే ఉన్నానమ్మా. తిన్నాను."

ఆ పిల్ల తినలేదు. బాగానూ లేదు. కానీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి టికెట్ కొన్నది గుర్తుంది కాబట్టి చెప్పదు. ఇంట్లో చెప్పుకోలేని పిల్ల దొరికితే మోసగాడికి సగం పని అయిపోయినట్టే. మీ కథంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడాలి.

ఒక కాగితం మీద రాసుకోండి: ఏం దాస్తోంది, ఎవరి దగ్గర దాస్తోంది, ఎందుకు? తర్వాత ఈ పరీక్ష పెట్టండి. మొదటి అధ్యాయంలోనే అమ్మకి చెప్పేస్తే కథ అయిపోతుందా? అయిపోవాలి. అయినా సరే, చదివే పిల్లలు "నేనైనా చెప్పేదాన్ని కాదు" అనుకోవాలి. ఈ రెండూ కుదిరేదాకా రెండో మెట్టు ఎక్కొద్దు.

ఉదాహరణకి ఒక పిల్లని అనుకుందాం. పేరు హాసిని, ఊరు కంచరపాలెం. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. పది పాసయ్యాక స్కాలర్‌షిప్ వచ్చి, మన ఇంటర్ లాంటి రెండేళ్ల ఏ లెవెల్స్ చదువుకి ఇంగ్లండ్‌లోని బ్రైటన్ వెళ్లింది. రెండో నెలలో రూమ్మేట్ ల్యాప్‌టాప్ మీద టీ ఒలికిపోయింది. నాలుగు వందల పౌండ్లు కట్టాలి. ఇదీ ఆమె దాచిన సంగతి.

2. కాగితాలు సరిచూసుకోండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇక్కడ తప్పు చేస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. బ్రిటన్‌లో నాలుగేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలకి చైల్డ్ స్టూడెంట్ వీసా ఉంటుంది. దాని మీద పదహారు నిండినవాళ్లు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 10 గంటల వరకే పని చేయొచ్చు. ఈ చిన్న నిబంధన మీ కథకి ఎంత పనికొస్తుందో చూడండి. హాసిని కేఫ్‌లో గిన్నెలు కడిగి అప్పు తీర్చాలంటే నెల పైనే పడుతుంది. అంతదాకా రూమ్మేట్ ఆగదు.

మీరు వేరే దేశం ఎంచుకుంటే అక్కడి వీసా నిబంధనలు ఆ దేశపు ప్రభుత్వ సైట్లోనే చదవండి. కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది విని రాయొద్దు.

3. నేరం ఎలా నడుస్తుందో అడుగడుగునా తెలుసుకోండి

వజ్రాల దొంగతనాలు, రహస్య గూఢచారులు వద్దు. ఆ వయసు పిల్లల దాకా నిజంగా వచ్చే నేరం తీసుకోండి. అందులో ముఖ్యమైనది ఖాతా అద్దెకివ్వడం. అక్కడ దాన్ని మనీ మ్యూల్ అంటారు. పద్ధతి ఇలా ఉంటుంది. ఎవరో పరిచయమవుతారు. "నీ ఖాతాలో కొంచెం డబ్బు పడుతుంది. నీ వాటా ఉంచుకుని మిగతాది నేను చెప్పిన చోటికి పంపెయ్" అంటారు. ఆ డబ్బు ఇంకెవరినో మోసం చేసి లాగింది. ఆ పిల్ల ఖాతా మీదుగా దాటితే దాని జాడ చెరిగిపోతుంది. బ్యాంకు పసిగడితే ఖాతా మూసేస్తుంది, ఇంకో బ్యాంకులో తెరవడం కష్టమైపోతుంది. ఇలా నేరపు డబ్బు జాడ దాచడాన్ని మనీ లాండరింగ్ అంటారు, బ్రిటన్ చట్టంలో దానికి గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు.

ఇందులో కథకుడికి దొరికే గొప్ప విషయం ఒకటుంది. హాసిని బాధితురాలూ అవుతుంది, తప్పు చేసిన మనిషీ అవుతుంది. మొదటిసారి డబ్బు పడగానే ఆమెకి భయం కంటే ముందు ఊరట కలగాలి. ఆ ఊరటని తొందరపడకుండా రాయండి. ల్యాప్‌టాప్ బాకీ తీరిపోయిన రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది అని రాస్తే, పాఠకుడి గుండెలో రాయి పడుతుంది.

నేరం రెండో కొసని విశాఖకి కట్టండి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఇక్కడి యువకుల్ని కాంబోడియా పంపి, అక్కడ వాళ్లతో బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారం అది. దాన్ని ఉన్నదున్నట్టు వాడొద్దు. ఆ కుటుంబాలు ఇక్కడే మన మధ్యే ఉన్నాయి. కానీ ఆ పరిస్థితి అర్థం చేసుకుంటే, హాసినికి మెసేజ్‌లు పెడుతున్న కీబోర్డు వెనక ఎవరుండొచ్చో మీకే తడుతుంది.

4. క్లూ మన ఊరి నుంచి తీయండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. విదేశంలో ఉన్న పిల్లకి అక్కడి డిటెక్టివ్ కంటే ఎక్కువ తెలిసింది ఏముంటుంది? తన ఊరు. క్లూ అక్కడే ఉండాలి. ఇలా:

*"మాదీ వైజాగేనమ్మా" అని మెసేజ్ వచ్చింది. "చిన్నప్పుడు రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, సూర్యుడు సముద్రంలో మునిగేదాకా కూర్చునేవాణ్ణి."*

*హాసిని వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. నాన్న స్కూటర్ మీద తెల్లారకముందే వెళ్లిన ఆదివారాలు గుర్తొచ్చాయి. నీళ్లలోంచి ఎర్రగా పైకొచ్చే సూర్యుడు. సాయంత్రాలు మాత్రం వెలుగు వీపు మీద పడేది, ఊరి వైపు నుంచి.*

ఇక్కడితో ఆపేయండి. "వాడు అబద్ధం చెబుతున్నాడు" అని మీరు చెప్పొద్దు. విశాఖ పాఠకుడు మొదటి పేరాలోనే పట్టేస్తాడు. గుంటూరు పాఠకుడు రెండో పేరాలో పట్టుకుంటాడు. ఇద్దరూ సొంతంగా కనిపెట్టామని సంతోషిస్తారు.

ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. కురుసుర జలాంతర్గామిని నౌకాదళం విధుల నుంచి తప్పించింది 2001లో, బీచ్‌రోడ్డులో మ్యూజియంగా తెరిచింది 2002లో. 1998లో స్కూలువాళ్లు దాంట్లోకి తీసుకెళ్లారని చెప్పేవాడు ఈ ఊరివాడు కాదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండని ఊళ్లోవాళ్లు యారాడ కొండ అనడం కూడా వింటాం. పర్యాటకుల పుస్తకం చదివి వచ్చినవాడి నోట ఆ మాట రాదు.

అన్నిటికంటే పదునైన క్లూ మన యాస. వారం రోజులు పుస్తకాల తెలుగులో వచ్చిన మెసేజ్‌లు ఒక రాత్రి హఠాత్తుగా మారాయనుకోండి: "ఆ డబ్బు ముట్టుకోకు. నానూ మన ఊరోణ్ణే. ఏటీ అడక్కు." కీబోర్డు దగ్గర మనిషి మారాడు. ఈసారి నిజంగానే మనవాడు, బందీగా ఉన్నవాడు. హాసిని అమ్మమ్మ మాట్లాడే భాష అది. నకిలీవాడు దాన్ని ఇంత అలవోకగా రాయలేడు. ఇక్కడి నుంచి కథ తన్ను తాను కాపాడుకోవడం దగ్గర ఆగదు. అతన్ని ఎలా బయటికి తేవాలన్నది మొదలవుతుంది. అడ్వెంచర్ అసలు ఇదే.

5. పరాయి ఊరిని పిల్ల కొలతలతో చూపించండి

బ్రైటన్‌లో సముద్రం దక్షిణాన ఉంటుంది. తీరంలో ఇసుక బదులు గులకరాళ్లు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికల్లా పొద్దు గుంకుతుంది. చలికాలంలో సూర్యుడు సముద్రం మీద ఒక పక్క లేచి, సముద్రం మీదే ఇంకో పక్క దిగిపోతాడు. విశాఖ పిల్లకి ఇది కళ్లు తిరిగే సంగతి. చెప్పులు తీసి నీళ్ల వైపు నడవబోతే రాళ్లు గుచ్చుకోవడం రాస్తే చాలు, ఆమె ఎంత దూరం వచ్చేసిందో అర్థమవుతుంది. ఊరి చరిత్ర రెండు పేజీలు రాయాల్సిన పనే లేదు.

6. గడియారాన్ని వాడుకోండి

బ్రిటన్‌కీ మనకీ చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు తేడా. అక్కడ గడియారాలు మార్చి ఆఖరి ఆదివారం ముందుకి, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి జరుగుతాయి. అక్టోబర్ ఆ రాత్రి రెండు గంటలు కొట్టాల్సిన చోట మళ్లీ ఒంటిగంట అవుతుంది. అంటే ఒంటిగంట ఇరవై నిమిషాలు ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్న లెక్క అక్కడ తప్పేలా చేయండి. విశాఖలో అమ్మ ఫోన్‌లో పడిన టైమ్ మాత్రం ఒక్కసారే ఉంటుంది, ఎందుకంటే మన గడియారం కదలదు. గుట్టు విప్పేది అమ్మ ఫోనే కావచ్చు. అమ్మకి చెప్పని కథలో ఇంతకంటే మంచి మలుపు నాకు తట్టలేదు.

ప్రతి అధ్యాయం నెత్తిన రెండు ఊళ్ల టైమూ రాసుకోండి. అమ్మ ఉదయం ఐదింటికి లేచేసరికి చలికాలంలో అక్కడ రాత్రి పదకొండున్నర. పిల్ల అత్యంత ఒంటరిగా ఉండే సమయం అదే.

7. పెద్దవాళ్లని తీసెయ్యకండి

పిల్ల ఒక్కతే ముఠాని పట్టేసిందంటే పిల్లలే నమ్మరు. ఆమె చేయాల్సింది కనిపెట్టడం, ధైర్యం చేసి చెప్పడం. ఇంగ్లండ్‌లో అత్యవసరానికి 999, మామూలు ఫిర్యాదుకి 101. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లని అనుమానితులుగా ప్రశ్నించేటప్పుడు పోలీసులు పక్కన ఒక పెద్దవాళ్లని కూర్చోబెట్టాలి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో బాగా ఆలోచించండి, హాస్టల్ వార్డెనా, రూమ్మేట్ వాళ్లమ్మా? లండన్‌లో మనకున్నది రాయబార కార్యాలయం కాదు, హైకమిషన్. చాలామంది ఇక్కడ పొరబడతారు. విశాఖ వైపు అమ్మ సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తుంది. కుట్టుమిషన్ పక్కన నిలబడి, మాటలు తడబడుతూ, కూతురి తప్పు తన నోటితో చెప్పే ఆ దృశ్యాన్ని కనీసం మూడు పేజీలు రాయండి.

8. పిల్లలతో చదివించండి

మొదటి ప్రతి అయ్యాక పద్నాలుగు, పదహారేళ్ల పిల్లలిద్దరికి ఇవ్వండి. "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. చదువుతూ ఫోన్ ఎక్కడ చేతిలోకి తీసుకున్నారో ఆ పేజీ మూల మడవమనండి. ఇద్దరూ ఒకే చోట మడిస్తే ఆ అధ్యాయం తిరగరాయండి.