గుహల్లో చెక్కడాలు సరిగ్గా కనిపించాలంటే

గుంటుపల్లి (ఏలూరు జిల్లా) లాంటి బౌద్ధ గుహలకు వెళ్తే చీకట్లో ఏమీ కనిపించదు, ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తే రాయంతా తెల్లగా వచ్చేస్తుంది. ఫ్లాష్ ఆపేసి, పక్కనున్నవాళ్ల ఫోన్ టార్చ్ వాడండి. ఎదురుగా కాదు, రెండు మూడు అడుగులు పక్కకు జరిగి వెలుగు గోడ వెంబడి పాకేలా పట్టుకోమనండి, మీరు మాత్రం ఎదురుగానే నిలబడి తీయండి. ఉలి గాట్లకు నీడలు పడి, అరిగిపోయిన గీతలు కూడా పైకి తేలతాయి. అక్కడి గుండ్రటి చైత్యంలో (బౌద్ధుల ప్రార్థనా మందిరంలో) స్తూపం చూసి వచ్చేస్తారు చాలామంది, కానీ పైకప్పు చూడాలి, చెక్క దూలాలు పేర్చినట్టు రాతిలోనే చెక్కారు, టార్చ్‌ని ఒక అంచు నుంచి ఏటవాలుగా పైకి పట్టి ఐదు నిమిషాలు చూస్తే ఆ పనితనం ఎంత గొప్పదో తెలుస్తుంది. టార్చ్ గానీ చెయ్యి గానీ రాయికి ఆనించొద్దు.

ఎండ పడే చోట ఇది పనిచేయదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండలో ఆరుబయట చెక్కిన స్తూపాలకైతే పొద్దున్నే గానీ, సాయంత్రం ఏటవాలు ఎండలో గానీ వెళ్లండి.