విని చెప్పడం – 3వ పాఠం: గజిబిజి ఎక్కడుందో చూపించండి

పోయిన పాఠంలో ఎవరైనా చేసిన సంగీతం ట్రాక్‌ని మూడుసార్లు వినమన్నాను: ఒకసారి ఊరికే, ఒకసారి టైమ్ రాసుకుంటూ, ఒకసారి సీన్‌తో కలిపి. చేసినవాళ్ళ దగ్గర ఈపాటికి ఒక కాగితం తయారై ఉంటుంది. అందులో ఉన్నది ట్రాక్ చేసిన మనిషికి ఎలా చెప్పాలన్నదే ఈసారి పాఠం.

ఉదాహరణకు మా తిరుపతి కుర్రాడి ట్రాక్ తీసుకుందాం. స్నేహితుల షార్ట్ ఫిలిం కోసం ల్యాప్‌టాప్‌లోనే ఆర్కెస్ట్రా కట్టాడు. తెల్లవారుజామున ఒక ముసలాయన అలిపిరి మెట్లు ఎక్కుతుంటాడు, అదీ సీను. నిడివి 2 నిమిషాల 10 సెకన్లు. టీకొట్టు దగ్గర ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో, ఇంకొకటి నా చెవిలో. (ఇలా వినకండి, స్టీరియోలో సగమే వినిపిస్తుంది. నేనూ ఇంటికెళ్ళి మళ్ళీ వినాల్సి వచ్చింది.)

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి "ఎట్లుంది అన్నా?" అన్నాడు.

"బాగుంది గానీ కొంచెం గజిబిజిగా ఉంది" అనొచ్చు. అంటే వాడు ఇంటికి పోయి రివర్బ్ (ప్రతిధ్వని) తగ్గిస్తాడు, అది కాదేమోనని వాల్యూమ్ తగ్గిస్తాడు, రాత్రంతా అదే పని. అందుకే ముందు అడిగాను: "48వ సెకను దగ్గర చూసేవాళ్ళకు ఏమనిపించాల?"

"కాళ్ళు బరువెక్కినట్టు ఉండాలన్నా. అందుకే చెల్లోలు, డబుల్ బేస్‌లు అన్నీ కిందనే పెట్టినా."

చెల్లో, డబుల్ బేస్ లోతుగా మోగే పెద్ద తంతి వాద్యాలు, కాబట్టి ఆలోచన సరైనదే. చిక్కంతా స్వరాల దూరంలో ఉంది. కింద 65 హెర్ట్జ్ దగ్గర సి (C, మన స అనుకోండి), దాని పక్కనే 82 దగ్గర ఈ (E, మన గ) పెట్టాడు. అంత కింద, అంత దగ్గరగా మోగే రెండు స్వరాలను చెవి స్పష్టంగా విడదీసుకోలేదు, గరగరలాడతాయి. అవే రెండూ రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) పైన, 262, 330 దగ్గర పెట్టి వినండి, హాయిగా ఉంటాయి. వాడితో ఇలా అన్నాను: "నువ్వనుకున్న బరువు వచ్చింది. 48 నుంచి 56 దాకా కింద స, గ పక్కపక్కనే ఉన్నాయి, ఆ రొద వాటిదే. గ తీసి ఒక స్థాయి పైన వయోలాకి ఇచ్చేయ్. కింద స, ప చాలు." అక్కడికక్కడే మార్చి వినిపించాడు. బరువు అలాగే ఉంది, రొద పోయింది.

1:20 దగ్గర ట్రాంబోన్ల (పెద్ద బూరల) కింద ఫ్లూట్ మునిగిపోయింది. ఇక్కడ "ఫ్లూట్ సౌండ్ పెంచు" అనడం చాలామంది చేసే తప్పు. ఫ్లూట్‌కి కింది స్థాయి సహజంగానే మెత్తన. హాల్లో వాయించేవాళ్ళకు ఫేడర్ (సౌండ్ పెంచే మీట) ఉండదు. ఫ్లూట్ వాయించే వరసను ఒక స్థాయి పైకి తీసుకెళ్ళమనండి, లేదా ట్రాంబోన్లను ఆ నాలుగు బార్లు ఊరుకోమనండి. ఇంకా, హార్న్ (ఇదీ ఊదే బూరే) ఒకే స్వరం 40 సెకన్లు పట్టింది. శాంపిల్‌కి, అంటే ల్యాప్‌టాప్‌లో ముందే రికార్డ్ చేసి పెట్టిన వాద్యం శబ్దానికి, ఊపిరి అక్కర్లేదు, మనిషికి కావాలి. ఉత్సవంలో నాదస్వరం వాయించేవాళ్ళను దగ్గర నుంచి చూసినవాడికి ఈ మాట ఒక్కసారి చెబితే చాలు.

ఒక పూటకు మూడు మాటలే. వయొలిన్లు ఎండిపోయినట్టున్నాయనీ, మాడ్ వీల్ (కీబోర్డ్ మీద స్వరానికి కదలిక ఇచ్చే చక్రం) ముట్టుకోలేదనీ నా కాగితంలో ఉంది, కానీ ఆ రోజు చెప్పలేదు. ఒకప్పుడు వేరే అబ్బాయికి 11 తప్పులు వరసగా చదివి వినిపించాను. రెండు నెలలు ఆ ప్రాజెక్ట్ ఫైలే తెరవలేదు.

చివర్లో గోపురం కనిపించగానే సింబల్ (పెద్ద తాళం) ధనామని కొట్టాడు. నాకైతే అక్కడ నిశ్శబ్దం ఇష్టం. "ఇది తప్పు కాదు, నా రుచి" అని విడిగా చెప్పాను. వాడు సింబల్ తీయలేదు.

వచ్చే పాఠానికి: మీ కాగితంలోంచి ఒక 15 సెకన్ల ముక్క తీసుకుని అయిదు వాక్యాలు రాయండి. 'బాగుంది', 'బాలేదు', 'ఫీల్' అనే మాటలు వాడొద్దు.