ఎస్‌ఎంబీలో ప్యూరిటీ పడిపోయిందా? ముందు స్విచ్ టైమ్ ముట్టుకోకండి

ఎస్‌ఎంబీ (సిమ్యులేటెడ్ మూవింగ్ బెడ్) అంటే వలయంలా కలిపిన కాలమ్‌లతో, ఇక్కడ 8, అద్దంలో బింబాల్లాంటి రెండు ఐసోమర్లని ఆగకుండా విడదీసే క్రొమాటోగ్రఫీ. ఫీడ్ (విడదీయాల్సిన మిశ్రమం), ఎల్యూయెంట్ (కడిగే సాల్వెంట్) వచ్చేచోట్లూ, అవుట్‌లెట్లూ కొంతసేపటికోసారి ఒక కాలమ్ ముందుకి జరుగుతాయి, ఆ గ్యాపే స్విచ్ టైమ్. ప్యూరిటీ పడగానే అందరి చెయ్యీ స్విచ్ టైమ్ మీదకే పోతుంది. అది మారిస్తే నాలుగు జోన్లూ ఒకేసారి కదుల్తాయి, ఇంక ఏది బాగుపడిందో ఏది చెడిందో ఎవరికీ తెలీదు. ముందు చూడాల్సింది రెండే: మురికి, అంటే అక్కడ ఉండకూడని ఐసోమర్, ఏ అవుట్‌లెట్‌లో వస్తోంది, అది 8 స్విచ్‌లలోనూ వస్తోందా ఒక్కదాంట్లోనేనా.

పద్ధతి పాతదే, 1960ల్లో యూవోపీ వాళ్ళు పెట్రోలియం వైపు మొదలెట్టింది, తర్వాత మందుల కంపెనీ యూసీబీ వాళ్ళు మూర్ఛ మందు లెవెటిరాసెటమ్‌కి వాడారు. అవుట్‌లెట్లు రెండు: కాలమ్ గట్టిగా పట్టుకునే ఐసోమర్ ఎక్స్‌ట్రాక్ట్‌లో రావాలి, తొందరగా జారిపోయేది రాఫినేట్‌లో. ఎల్యూయెంట్ నుంచి ఎక్స్‌ట్రాక్ట్ దాకా జోన్ 1, అక్కణ్ణుంచి ఫీడ్ దాకా 2, రాఫినేట్ దాకా 3, మిగిలింది 4, దాని చివరి సాల్వెంట్ రీసైకిల్ లైన్‌లో మళ్ళీ జోన్ 1కి వస్తుంది.

రాఫినేట్ మురికి, ఎక్స్‌ట్రాక్ట్ బానే ఉంది

కారణం రెండిట్లో ఒకటి. జోన్ 3లో ఫ్లో ఎక్కువై గట్టి ఐసోమర్ రాఫినేట్ పోర్ట్ దాకా వచ్చేస్తోంది, లేదా జోన్ 1లో కాలమ్ పూర్తిగా కడగకుండానే జోన్ 4కి పోతోంది. ఎల్యూయెంట్, ఎక్స్‌ట్రాక్ట్ రెండూ ఒకే అంత పెంచండి, అప్పుడు జోన్ 1 ఒక్కటే మారుతుంది. రాఫినేట్ బాగుపడితే దొంగ దొరికినట్టే. లేదంటే ఫీడ్, రాఫినేట్ రెండూ సమానంగా తగ్గించండి. ఫీడ్ కాన్సంట్రేషన్ ఈమధ్య పెంచి ఉంటే మాత్రం అనుమానం నేరుగా జోన్ 3 మీదే పెట్టుకోవచ్చు, ఎందుకంటే కాలమ్ నిండేకొద్దీ పట్టు తగ్గిపోయి పాత ఫ్లోలే ఎక్కువైపోతాయి.

ఎక్స్‌ట్రాక్ట్ మురికి

జోన్ 2 ఫ్లో చాలక జారే ఐసోమర్ వెనక్కి వెళ్ళిపోతోంది, లేదా జోన్ 4 దాటి రీసైకిల్‌లో కలిసి చుట్టు తిరిగొస్తోంది. రీసైకిల్ లైన్ శాంపిల్ తీస్తే ఇది తేలిపోతుంది. అందులో ఐసోమర్ కనిపిస్తే రాఫినేట్, ఎల్యూయెంట్ సమానంగా పెంచండి. క్లీన్‌గా ఉంటే ఎక్స్‌ట్రాక్ట్, ఫీడ్ సమానంగా తగ్గించండి, జోన్ 2లో ఫ్లో పెరుగుతుంది.

రెండూ మురికి

ఎక్కువ టైమ్ తినేది ఇదే, కానీ ఫ్లోల తప్పు చాలాసార్లు కాదు. రెటెన్షనే, అంటే కాలమ్ ఐసోమర్లని పట్టి ఉంచే తీరే, మారిపోయి ఉంటుంది. ఒక కాలమ్ తీసి రేసిమేట్ (రెండు ఐసోమర్లూ సగం సగం ఉన్న మిక్స్) ఇంజెక్షన్ ఒకటి వేసి పాత క్రొమాటోగ్రామ్ పక్కన పెట్టుకోండి. పీక్‌లు ముందుకొచ్చాయా, గది వేడెక్కి ఉంటుంది, లేదా రికవర్ చేసిన సాల్వెంట్‌లో ఇథనాల్ శాతం పెరిగి ఉంటుంది. హెప్టేన్-ఇథనాల్ మిక్స్ ఎవాపరేటర్‌లోంచి అదే నిష్పత్తిలో తిరిగిరాదు కదా, జీసీ (గ్యాస్ క్రొమాటోగ్రఫీ) చెయ్యకుండా ట్యాంక్‌లో కలిపేస్తే ఇదే జరుగుతుంది, పైగా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. నిష్పత్తి సరిచేసి, కాలమ్ జాకెట్ టెంపరేచర్ చూడండి. అది కుదరనప్పుడే స్విచ్ టైమ్: పీక్‌లు ముందుకొస్తే తగ్గించాలి, వెనక్కి పోతే పెంచాలి, ఎందుకంటే ఇక్కడ నిజంగా నాలుగు జోన్లూ కలిసి కదలాలి.

8 స్విచ్‌లలో ఒక్కదాంట్లోనే మురికి

ఒక చుట్టు మొత్తం ప్రతి స్విచ్‌కీ విడిగా వయల్‌లో పట్టి ఈఈ (ఒక ఐసోమర్ రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువో) చూడండి. ఏడు బాగుండి ఒక్కటే చెడితే ఫ్లోలు ముట్టుకోవద్దు. ఆ స్విచ్‌కి తగ్గ కాలమ్‌గానీ, ఆ పొజిషన్‌లో కారే వాల్వ్‌గానీ కారణం. కాలమ్ తీసి ఇంకోచోట పెట్టండి. మురికి కాలమ్‌తో పాటు వెళ్తే కాలమ్‌దే తప్పు, ఉన్నచోటే ఉంటే వాల్వ్‌ది. కోటెడ్ (అమైలోజ్ పదార్థాన్ని పూతగా మాత్రమే పూసిన) కాలమ్ అయితే ఎవరైనా డైక్లోరోమీథేన్‌తోగానీ టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)‌తోగానీ కడిగారేమో అడగండి, కడిగుంటే ఆ కాలమ్ ఇంక పనికిరాదు. ఇమ్మొబిలైజ్డ్ (ఆ పూతని రసాయనికంగా అతికించిన) రకాలకి ఈ భయం లేదు.

ప్రెషర్ పెరిగిపోతోంది

సాధారణంగా ఫీడ్ ఎల్యూయెంట్‌లో కలిసేచోట కరగకుండా పొడిగా విడిపోవడం, ఫ్రిట్ (కాలమ్ చివరి సన్న జల్లెడ) మూసుకుపోవడం. ఫిల్టర్ మార్చి, ఫీడ్‌ని ఎల్యూయెంట్‌లోనే కరిగించండి, వేరే సాల్వెంట్ వద్దు.

ఏ మార్పైనా ఒక్కటే చేసి కొన్ని చుట్లు ఆగండి, సిస్టమ్ కొత్త స్టెడీ స్టేట్‌కి రావాలి. ఆ మధ్యలో తీసిన శాంపిల్ చూసి ఇంకో నాబ్ తిప్పేవాళ్ళు సాయంత్రానికి మొదటికే వచ్చేస్తారు. శాంపిల్ కూడా ఒక పూర్తి చుట్టుకి కలిపి పట్టిందే లెక్కపెట్టుకోండి.