చిత్త కార్తె రాకముందే మీ ఊరి గుడిని ఫోటోల్లో దాచిపెట్టండి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఎవరి ఇల్లు, ఎవరి చేను వాళ్లు చూసుకున్నాం. గుడి సంగతి నీళ్లు తీశాకే గుర్తొచ్చింది. అప్పుడు మండపంలో దూలం కింద బీట కనపడితే, అది పాతదా, ఈ వానకు వచ్చిందా? వానకు ముందు తీసిన ఫోటో ఉంటే చెప్పొచ్చు. లేకపోతే తలా ఒక మాట.

పక్కనే శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. బీటలు అంతకు ముందు నుంచే కనపడుతూ ఉన్నాయి. బీటను చూడటం వేరు, అది ఎంత పెరుగుతోందో కొలిచి పెట్టుకోవడం వేరు.

కాబట్టి మొదట బీటల పని పట్టండి. ప్రతి బీట పక్కన స్కేలు ఆనించి, తేదీ రాసిన చీటీ పెట్టి, కెమెరాను గోడకు ఎదురుగా నిలిపి తీయండి. చీటీ అతికించొద్దు, చేత్తో పట్టుకుంటే చాలు. ఎక్కడ నిలబడి తీశారో నోటుబుక్కులో రాసుకోండి: ధ్వజస్తంభం నుంచి ఎన్ని అడుగులు, ఏ స్తంభం వైపు. సంక్రాంతికి మళ్లీ అక్కడే నిలబడి తీస్తేనే రెంటినీ పోల్చడానికి వీలవుతుంది.

గోపురం, మండపం మొత్తానికి త్రీడీ నమూనా కావాలంటే ఖరీదైన లేజర్ స్కానర్ లేకపోయినా మామూలు ఫోనుతో మొదలుపెట్టొచ్చు. చుట్టూ నడుస్తూ, ఒక్కో ఫోటోలో ముందు ఫోటోలోని భాగం ముప్పాతిక వంతు ఉండేలా తీసుకుంటూ పోవాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ ఆ ఫోటోలను కలిపి నమూనా చేస్తుంది. జూమ్ వద్దు, ఫ్లాష్ వద్దు. ఎండ నిలువుగా కొట్టే వేళ నీడలు నల్లగా పడి నమూనా చెడుతుంది. మబ్బు పట్టిన ఉదయమైతే మేలు. ఫ్రేములో ఎక్కడో ఒకచోట కొలత తెలిసిన కర్ర ఉండాలి. అది లేకపోతే బొమ్మ వస్తుంది గానీ కొలతలు రావు.

శాసనాల దగ్గర ఇంకా ఓపిక పట్టాలి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాలుగా 1905లో అచ్చు వేయించారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఆ రాళ్లలో ఏది ఇప్పుడు ఎలా ఉందో ఊరివాళ్లే చూసి చెప్పాలి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, పిండి రుద్దడం, నూనె పూయడం ఏదీ చేయొద్దు. సున్నం కొట్టి ఉంటే గీకొద్దు.

కావలి వైపు ఒక చిన్న గుడిలో చీకటి పడ్డాక ఫోనును స్టాండుకు బిగించి, టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేశాను. పగలు నున్నగా కనిపించిన రాతి మీద ముందు ఒక గీత, తర్వాత ‘శ్రీ’ లేచింది. పక్కనే ఉన్న అర్చకస్వామి “నలభై ఏళ్లుగా దీని మీదే నీళ్లు పోసి కడుగుతున్నాను నాయనా” అని అలాగే కూర్చుండిపోయారు. ఫోను కదపకుండా, టార్చిని చుట్టూ ఒక్కో దిక్కు నుంచి పెడుతూ పది పన్నెండు ఫోటోలు తీయండి. ఒక వెలుగులో దాగిన అక్షరం ఇంకో వెలుగులో బయటపడుతుంది.

వేడిని, చల్లదనాన్ని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా దొరికితే తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ వాడండి. తడి ఉన్నచోట ఆవిరి పోతూ గోడ చల్లగా కనపడుతుంది. కానీ చల్లగా ఉన్నదల్లా తడి కాదు. నీడ పడినా, రాయి మారినా అలాగే కనపడుతుంది. తేమ కొలిచే మీటరూ అంతే. సముద్రం దగ్గరి గుళ్లలో గోడకు ఉప్పు పట్టి ఉంటే అంకె పెరిగి చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి గచ్చు పగలగొట్టించకండి. ముందు కప్పు మీద నీళ్లు దిగే తూముల్లో ఆకులు తీసేయండి.

గోపురం మీద రావి మొక్క కనపడితే లాగొద్దు, వేరుతో పాటు ఇటుకలు ఊడొస్తాయి. ఫోటో తీసి, పైభాగం కోసి, మిగతాది తెలిసినవాళ్లకు వదలండి. సున్నపు కట్టుబడిలో బీటకు సిమెంటు కూరడం నాకు మహా బాధ. లోపలి తడి బయటకు రాలేక పక్క రాయిని తినేస్తుంది. ఒక ఊళ్లో స్తంభాలను ఇసుక చిమ్మే మిషనుతో కొట్టి మెరిపించారు. వాటి మీది అక్షరాలు ఇప్పుడు నా పాత ఫోటోల్లోనే ఉన్నాయి.

డ్రోన్ ఎగరేసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి, రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మనకు దగ్గరే. పురావస్తు శాఖ కాపాడే కట్టడమైతే విడిగా అనుమతి కావాలి. ఉదయగిరి కొండ మీద ఉరుములు మొదలైతే కెమెరా సర్దేసి దిగిపోండి. భైరవకోనలో జలపాతం పారుతున్నప్పుడు పాచిరాళ్ల మీద స్టాండు పెట్టొద్దు.

తీసినవి దాచడం సగం పని. నా హార్డ్‌డిస్కు ఒక ఏడు బీరువా కింది అరలో ఉండగా ఇంట్లోకి నీళ్లొచ్చాయి, రెండేళ్ల ఫోటోలు పోయాయి. మూడు కాపీలు ఉంచండి: ఒకటి ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి పొరుగూళ్లో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఉత్సవమూర్తులు, రాగిరేకులు మాత్రం నాలుగు వైపులా స్కేలుతో తీసి గుడి అధికారికి, అర్చకస్వామికి ఇచ్చి ఊరుకోండి. అవి ఏ గదిలో ఉంటాయో తెలిసే ఫోటో ఎవరికీ పంపొద్దు.