స్నోమొబైల్ వెనక షాక్‌లో గాలి నిలవడం లేదా?

నిన్న పెట్టిన పీడనం కంటే ఇవాళ గేజి తక్కువ చూపించిందని వెంటనే సీలు పోయిందనుకోకండి. స్ప్రింగుకు బదులు గాలితో కుదుపులు ఆపే ఎయిర్ షాక్‌లో గాలి పట్టే చోటు చాలా చిన్నది. పంపు బిగించగానే అందులోంచి కొంత గాలి ఖాళీ గొట్టంలోకి పోతుంది, గేజి చూపించేది ఆ తర్వాత మిగిలిన పీడనాన్ని. విప్పేటప్పుడు వినపడే 'తుస్సు' కూడా చాలాసార్లు గొట్టంలోని గాలిదే.

కాబట్టి ముందు మీ పంపు ఎంత మింగుతుందో తేల్చుకోండి. 300 పీఎస్ఐ దాకా కొట్టే షాక్ పంపే వాడండి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ వద్దు, ఇంత చిన్న చోట దాన్ని అదుపులో పెట్టడం కష్టం. బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తండి. ట్రాక్ (బండిని నడిపే కింది రబ్బరు పట్టా) గాల్లో వేలాడాలి, షాక్ పూర్తిగా సాగి ఉండాలి. వాల్వ్ చుట్టూ ఉన్న మంచు, తడి తుడిచేసి మాన్యువల్ చెప్పిన పీడనం పెట్టండి. అది 100 పీఎస్ఐ అనుకుందాం. పంపు విప్పి వెంటనే మళ్లీ బిగించండి. 94 చూపిస్తే పంపు వాటా 6. తిరిగి 100కి పెంచి, పంపు తీసేసి, రాత్రంతా అదే గదిలో ఉంచండి. పొద్దున 94 దగ్గరే ఉంటే లీకు లేదు. 85 వస్తే వెతకాల్సిందే.

అదే గదిలో అని చెప్పడానికి కారణం ఉంది. 20 డిగ్రీల గ్యారేజీలో 100 పెట్టిన షాక్, బయట మైనస్ 20కి చల్లబడ్డాక 84 దగ్గర ఉంటుంది, గాలి ఏమాత్రం బయటికి పోకుండానే. "గ్యారేజీలో బాగుంది, మంచు దారిలో షాక్ పూర్తిగా నొక్కుకుపోయి అడుగుకు కొట్టుకుంటోంది" అనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే. బండిని గంటసేపు బయట చల్లారనిచ్చి అక్కడే పీడనం సరిచేయండి. గట్టిగా నడిపి ఆపిన వెంటనే కొలిస్తే షాక్ వేడికి రీడింగ్ ఎక్కువ వస్తుంది. అది చూసి గాలి తీసేయకండి.

పీడనం నిజంగా తగ్గితే వెనక భాగం కూర్చుంటుంది, ముందు స్కీల మీద బరువు తగ్గి మలుపులో బండి సూటిగా జారిపోతుంది.

ఇక లీకు వెతకడం. వెచ్చటి చోట సబ్బు నీళ్లు చల్లి అయిదు నిమిషాలు కదలకుండా చూడండి. మొదట వాల్వ్ నోరు. అక్కడ ఆవగింజంత బుడగ నెమ్మదిగా ఉబ్బుతుంటే వాల్వ్ పిన్ను వదులైందో, దాని రబ్బరు పాడైందో అయ్యుంటుంది. పిన్ను టూల్‌తో ఆగేదాకా తిప్పి కాస్త బిగిస్తే చాలు, బలం చూపిస్తే రబ్బరు తెగుతుంది. అయినా ఆగకపోతే గాలంతా తీసేసి కొత్త పిన్ను వేయండి.

బుడగలు షాక్ ఒంటికీ స్లీవుకూ (గాలిని పట్టి ఉంచే బయటి గొట్టం) మధ్య వలయంలా వస్తే ఎయిర్ స్లీవు సీళ్లు అరిగినట్టు. సీల్ కిట్ మార్చే ముందు షాక్ లోపలికి దిగే భాగం మీద వేలిగోరు నడిపించి చూడండి. గోరు ఆగే గీత ఉంటే కొత్త సీలు కూడా అక్కడే తెగుతుంది, కిట్ డబ్బు దండగ. స్లీవు విప్పడానికి ముందు షాక్‌ను బండి నుంచి తీసి, గాలి మొత్తం వదలండి. రెండు గాలి గదులున్న షాక్ అయితే రెండూ ఖాళీ చేయాలి. పీడనం ఉండగా మర తిప్పితే స్లీవు తుపాకీ గుండులా దూసుకొస్తుంది. నైట్రోజన్ ఉన్న గది జోలికి మాత్రం వెళ్లకండి, అది సర్వీసు సెంటర్ పని.

బయట ఎక్కడా బుడగ లేదు, పీడనం మాత్రం పడుతోందా? పిన్ను నొక్కి చూడండి. నూనె తుంపర కొంచెం రావడం మామూలే, లోపల సీళ్లకు నూనె వేస్తారు. ఆయిలు ధారగా వస్తే డాంపర్ (ఆయిలుతో షాక్ కదలికను నెమ్మదింపజేసే భాగం) సీలు పోయినట్టు.

ఇంకొకటి. గాలి సరిపడా ఉన్నా షాక్ పొట్టిగా కూర్చుని, చేత్తో లాగితే సాగకపోతే గాలి సీలు దాటి, షాక్‌ను పొట్టిగా లాగే అవతలి వైపు గదిలోకి జారి చిక్కుకుందేమో అనుమానించాలి. వాల్వ్‌లోంచి గాలి వదిలినా ఆ చిక్కుకున్న గాలి బయటికి రాదు. ఏ మరా తిప్పకుండా అలాగే సర్వీసుకు ఇచ్చి, షాక్ సాగడం లేదని ముందే చెప్పండి.