అల్పపీడనం అనగానే లాప్‌టాప్‌లో అప్‌డేట్ ఆపండి

విశాఖలో ఉండేవాళ్లకి అక్టోబర్ వస్తే ఒక కన్ను బంగాళాఖాతం మీదే ఉంటుంది. కొవ్వొత్తులు, బియ్యం, మంచినీళ్ల క్యాన్లు ముందే తెచ్చిపెట్టుకుంటాం. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లు ఇంతమంది పెరిగాక కూడా లాప్‌టాప్ సంగతి మాత్రం గాలి మొదలయ్యాకే గుర్తొస్తుంది.

ఇంకో చిక్కుంది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ భద్రతా అప్‌డేట్లు వదులుతుంది. అక్టోబర్‌లో అయితే మన టైము ప్రకారం రాత్రి పదిన్నరకి. ఆ మంగళవారం 8కీ 14కీ మధ్య పడుతుంది. హుద్‌హుద్ మన తీరం దాటింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్‌డేట్ల రోజు ఆ తర్వాతి మంగళవారమే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. అప్‌డేట్లు వచ్చి అప్పటికి రెండు రోజులు కాలేదు. యాదృచ్ఛికమే అనుకోండి. కానీ కరెంటు నమ్మకం లేని వారంలోనే లాప్‌టాప్ 'నన్ను రీస్టార్ట్ చెయ్యి' అని పోరుపెడుతుంది.

నాకు ఒక వాయుగుండం రాత్రి బాగా తెలిసొచ్చింది. పెదవాల్తేరులో మా ఫ్లాట్‌లో కరెంటు వస్తూ పోతూ ఉంది. లాప్‌టాప్ మూసేద్దామని తొందరలో 'అప్‌డేట్ అండ్ షట్ డౌన్' నొక్కేశాను. పాత బ్యాటరీ, ఇరవై నిమిషాలు కూడా ఆగదు. సగంలో ఆరిపోయింది. తెల్లారి ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడిగింది. ఆ అప్‌డేట్లలో బయోస్‌ది, అంటే లాప్‌టాప్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్‌ది కూడా ఉందట. బయోస్ మారితే లోపల డిస్కు కీని కాపాడే టీపీఎం చిప్‌కి అనుమానం వస్తుంది, రికవరీ కీ అడుగుతుంది. నా కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది. అది తెరవాలంటే నెట్ కావాలి, ఫోనుకి ఓటీపీ రావాలి. ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. రెండు రోజులు లాప్‌టాప్ మొహం చూస్తూ కూర్చున్నాను. తప్పు నాదే. ఆ అంకెలు కాగితం మీద రాసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

కాబట్టి అసలు పనంతా సెప్టెంబర్‌లోనే. పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ ఎండ కాసే రోజున, చార్జర్ పెట్టి, ఇంటి నెట్ మీద పూర్తి చేయండి. 0x80070070 అని ఎర్రర్ వస్తే డిస్కులో చోటు లేదని అర్థం. పెళ్లి వీడియోలు బయటి హార్డ్ డిస్కులోకి మార్చండి. ఏ కారణం లేకుండా ఫెయిలవుతుంటే తేదీ, టైము సరిగ్గా ఉన్నాయేమో చూడండి. నవ్వకండి, పాత లాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతుంది, దాంతో అప్‌డేట్ సర్వర్‌తో మాట కలవదు.

తర్వాత రికవరీ కీ. 'నేను బిట్‌లాకర్ పెట్టలేదు కదా' అంటారు చాలామంది. విండోస్ 11 హోమ్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ (అదే డిస్కు తాళం) దానంతట అదే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఒకసారి చూడండి. ఆన్ అయి ఉంటే కీని కాగితం మీద రాసి రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి. ఆ లాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే ఇంటి తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. అదే కాగితం మీద ఇంటి వైఫై పాస్‌వర్డ్ కూడా రాయండి. మీ మోడల్ వైఫై డ్రైవర్‌ని (వైఫైని నడిపించే చిన్న ప్రోగ్రామ్) తయారీదారు సైటు నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అప్‌డేట్ తర్వాత వైఫై గుర్తే మాయమైతే, డ్రైవర్ దించుకోవడానికి కావలసిన నెట్ ఆ డ్రైవర్ లేక రాదు. ఇంకో 32 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే దాన్ని విండోస్ లేవనప్పుడు వాడే రికవరీ డ్రైవ్‌గా చేసి పక్కన పెట్టుకోండి.

అల్పపీడనం అని టీవీలో వినగానే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్లి పాజ్ నొక్కండి. ఐదు వారాల దాకా ఆపొచ్చు, మనకి ఒక వారం చాలు.

వాయుగుండం అన్నాక బ్యాటరీ సంగతి. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని చాలా లాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టి ఉంటారు. ఆ పరిమితి ఇప్పుడు తీసేసి నూరు నింపండి. ఫోను హాట్‌స్పాట్‌కి ఒకసారి కనెక్ట్ అయి, ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన నెట్‌గా) మార్చండి. లేకపోతే లాప్‌టాప్ దాన్ని మామూలు వైఫై అనుకుని, వన్‌డ్రైవ్, యాప్‌ల అప్‌డేట్లు అన్నీ మొదలుపెట్టి రోజువారీ డేటాని మధ్యాహ్నానికే ఊడ్చేస్తుంది. యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ని వైరుతో లాప్‌టాప్‌కి ఇవ్వడం) కూడా అప్పుడే పరీక్షించండి. దానికి లాప్‌టాప్ వైఫైతో పనే లేదు, వైరు చాలు. పైగా ఫోను చార్జింగ్ కూడా అవుతుంది. అయితే కొన్ని చార్జర్ వైర్లలో డేటా వెళ్లదు, అది ముందే తేల్చుకోవాలి.

గాలి మొదలైంది, నెట్ పోయింది. అప్పుడు లాప్‌టాప్ జోలికి పోకండి. ముందు గోడ మీద ఫైబర్ పెట్టె చూడండి. అందులో ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే బయట ఎక్కడో తీగ తెగింది. మన వీధుల్లో తీగలు స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతుంటాయి, ఒక్క చెట్టు కొమ్మ చాలు. లైన్‌మన్ వచ్చేదాకా మీ చేతిలో ఏమీ లేదు. ఎర్ర లైటు లేదు, ఫోనుకి అదే వైఫై పనిచేస్తోంది, లాప్‌టాప్‌కే రావడం లేదంటే అప్పుడు లాప్‌టాప్‌ని అనుమానించండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున నొక్కారేమో చూడండి. షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, డ్రైవర్ పాత తిక్కతోనే మళ్లీ లేస్తుంది. గదిలో సిగ్నల్ బలహీనంగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై వదిలి 2.4కి మారండి, గోడలు దాటడంలో అదే మెరుగు.

నెట్‌వర్క్ రీసెట్ బటన్ మాత్రం ఆ రోజు ముట్టుకోవద్దు. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్లు పోతాయి, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్ మళ్లీ అమర్చుకోవాల్సి రావొచ్చు. రుషికొండ ఆఫీసులో ఐటీ టీమ్ వాళ్ల ఇంట్లోనూ కరెంటు ఉండదు కదా, మీ టికెట్ ఎవరు చూస్తారు?

పొరపాటున అప్‌డేట్ మొదలైపోతే చార్జర్ పెట్టి వదిలేయండి. ముప్పై శాతం దగ్గర అరగంట నిలబడినా పవర్ బటన్ నొక్కొద్దు. మధ్యలో ఆరిపోయి విండోస్ లేవకపోతే, రెండు మూడు ప్రయత్నాల తర్వాత రికవరీ తెర దానంతటదే వస్తుంది. అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని ఉంటుంది. డ్రైవ్ లాక్ అయి ఉంటే అక్కడా ఆ 48 అంకెలు అడగొచ్చు.

కరెంటు తిరిగి వచ్చే ఘడియ కూడా ప్రమాదమే. హుద్‌హుద్ తర్వాత చాలా కాలనీల్లో రోజుల తరబడి చీకటే. అలా వచ్చిన కరెంటు మొదట్లో ఎక్కువ తక్కువలుగా ఊగుతుంది. అందుకే కరెంటు పోగానే చార్జర్, రౌటర్ ప్లగ్గులు లాగేయండి. వచ్చాక ఫ్యాను ఓ పావుగంట నిలకడగా తిరిగితేనే మళ్లీ పెట్టండి. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండేవాళ్లు లాన్ సాకెట్లు, యూఎస్‌బీ పోర్టులు కూడా చూసుకోవాలి. ఉప్పుగాలికి మామూలు రోజుల్లోనే పచ్చగా చిలుం పడుతుంది, వానజల్లు తోడైతే చెప్పక్కర్లేదు.

రెండు మూడు రోజులు కరెంటు కుదురుగా ఉన్నాక పాజ్ తీసేసి, ఆగిన అప్‌డేట్లు పగటిపూట పూర్తి చేయండి. నవంబర్‌లో మళ్లీ అల్పపీడనం పడితే మళ్లీ పాజ్. బ్యాటరీకి ఆ 80 పరిమితి తిరిగి పెట్టడం నేను ప్రతిసారీ మర్చిపోతాను, మీరైనా గుర్తుపెట్టుకోండి.